అందరం జూన్ ఒకటినే పుట్టాం

తెల్లమేడ మెట్లు ఊడ్చాను గానీ
లోపలికెళ్ళి కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలు.
కుర్చీ కాళ్ళకు చక్రాలున్నాయి,
ఆనుకుంటే వెనక్కి జారుతోంది.
మడమలు నేలకు తన్నిపెట్టి ముందంచున కూర్చున్నాను.
అడగడానికి వచ్చినవాళ్ళం, జారిపోకూడదు గదా.

మావైపు నలుగురం.
సంఘం సెక్రటరీ యేసుపాదం, లెక్కలు చూసే కుప్పమ్మ,
లాయరు పిల్ల, నేను.
వాళ్ళవైపు ఏడుగురు.
బిస్కట్ల ప్లేటు మధ్యలోనే పెట్టారంటారు గానీ
నా చేతికి అందలేదు.

ముందు జీతం మాట వచ్చింది.
రోజుకు అరవై పెంచమన్నాం, ఇరవై రెండన్నారు.
పుళియంతోపులో వంకాయల బుట్ట దగ్గర కూడా
ఇంతకన్నా మర్యాదగా సాగుతుంది బేరం.
అమ్మేవాడు కనీసం మొహం చూస్తాడు.

పెద్దసారు పాక్కలాం అన్నాడు.
ఫైనాన్సు మేడమ్ నోటెడ్ అంది.
సూళ్ళూరుపేట వైపు ఆఫీసరొకాయన మా యాస గుర్తుపట్టి
గొంతు తగ్గించి, చూద్దాంలేమ్మా అన్నాడు.
మూడు భాషల్లోనూ అది ఒకటే మాట.

తర్వాత రిటైర్మెంటు.
నా సర్వీసు ఏడేళ్ళేనట,
పర్మినెంటు కాగితం తేదీ నుంచే లెక్కట.
అంతకు ముందు ఇరవై నాలుగేళ్ళు
ఓట్టేరి కాలవగట్టు ఊడ్చిందెవరని అడిగాను.
కాంట్రాక్టరు అన్నారు.
ఆయన చేతిలో నేనెన్నడూ చీపురు చూడలేదన్నాను.
ఎవరూ నవ్వలేదు.
టైపు కొట్టే కుర్రాడు మాత్రం వేళ్ళు ఆపి
మళ్ళీ మొదలుపెట్టాడు.
ఆ మాట మినిట్సులోకి ఎక్కిందో లేదో.

అప్పుడు తీసింది మేడమ్ సర్వీసు రిజిస్టరు.
పుట్టిన తేదీ జూన్ ఒకటి.
నాది. కుప్పమ్మది. యేసుపాదానిది.
ఆరో జోనులో నూట నలభై మందిమి ఒకే రోజు పుట్టాం,
అందులో అరవై ముగ్గురం ఒకే ఏడాది.

పర్మినెంటు చేసేటప్పుడు కార్పొరేషను డాక్టరు
ఎద్దుల సంతలోలా నోరు తెరిపించి
పళ్ళు చూసి ఏడాది రాశాడు.
రోజు ఊహించే ఓపిక లేక అందరికీ జూన్ ఒకటి.
కుప్పమ్మ నాకన్నా చిన్నది,
వక్కాకు నమిలి పళ్ళు పుచ్చినందుకు
నా ఈడే వేశాడు.
మా అమ్మ చెప్పేది వేరు.
స్వాతి కార్తె వానకు కాలవ పొంగి
గుడిసెలో మోకాటి లోతు నీళ్ళట,
నన్ను బియ్యం డబ్బా మీద పడుకోబెట్టిందట.
రిజిస్టరులో ఆ గడి లేదు.

మే ముప్పై ఒకటి సాయంత్రం
అరవై ముగ్గురం ఒక్కసారే ముసలాళ్ళమవుతాం.
తెల్లారి మా వీధులెవరు ఊడుస్తారు సార్
అని కుప్పమ్మ అడిగింది. మెల్లగానే అడిగింది.
ఏడు తలలూ లేచాయి.
బెదిరింపా? అన్నారు.
కాదు సార్, మీ రిజిస్టరే అంది.

ఆ తర్వాత టీ వచ్చింది.

ఇరవై రెండు ముప్పై ఒకటైంది.
అరచేతిలో వైకుంఠం చూపించడానికి
ఒక సబ్ కమిటీ కూడా పుట్టింది.
పాత ఏళ్ళ సంగతి దాని ముందు పెడతారట,
వచ్చే సమావేశం జూన్ రెండున.
జూన్ రెండుకి మేమెవరం సార్, అన్నాడు యేసుపాదం.
గేటు దగ్గర వాచ్‌మన్ కూడా రానివ్వడు.
జీతం దగ్గర తగ్గాం గానీ తేదీ దగ్గర తగ్గలేదు.
గంటంపావు పట్టింది.
మే పన్నెండు అని కుర్రాడి వేళ్ళు కొట్టిన చప్పుడు విన్నాకే
మడమలు ఎత్తాం.

బయట దేవదానం కాచుకుని ఉన్నాడు, చంకలో గుడ్డసంచి.
అతని పర్మినెంటు నాలుగేళ్ళ రెండు నెలలు.
అయిదు నిండలేదని గ్రాట్యుటీ లేదన్నారు.
రోజూ వస్తాడు, గేటు ఇవతలే.
ఎంతకు ఒప్పుకున్నారు? అన్నాడు.
ముప్పై ఒకటి అన్నాను.

రూపాయలా, ఏళ్ళా? అన్నాడు.