తవ్వెడు తవుడు

నాకు ముందు ఇద్దరు పోయారట.
మూడోదాన్ని నేను.
మైల కూడా పోకముందే చేటలో పడుకోబెట్టి
పక్కింటి గుమ్మంలో నన్ను అమ్మేసి,
తవ్వెడు తవుడు కొలిచి మళ్ళీ కొనుక్కుంది మా అమ్మ.
కొన్న సరుకు జోలికి చావు రాదని ఆవిడ లెక్క.
అందుకే తవిటమ్మని.
కాశీనగరంలో, వంశధార ఒడ్డున,
జీడిపిక్కలు కొట్టే షెడ్డు నాది.

పప్పు పలాస పోయి డబ్బాలకెక్కుతుంది.
తొక్క మాత్రం ఇక్కడే, గుట్టగా,
వానకి నల్లటి చీము కారుతూ.
ఇటుకబట్టీ ఆసామి బండికింతని ఎత్తుకెళ్ళేవాడు.
నాలుగు రూపాయలు ఎక్కువ అడిగితే
"దీనికీ ధరేటి, తవిటమ్మా?" అనేవాడు.
నవ్వేసేదాన్ని.
జవాబు నా పేరులోనే ఉంది మరి.

పర్లాకిమిడిలో డిప్లొమా చదివే మా మరిది కూతురు దమయంతి
మొన్న ఎండల్లో ఫోనులో ఒక అంగడి తెరిచింది.
ఒకరికి బరువైనది ఇంకొకరికి కరువైతే
ఇద్దరినీ ఎదురెదురుగా కూచోబెడుతుందట.
"మీ పరిశ్రమ ఏది? ఒకటి ఎంచుకోండి."
ఉక్కు, ఔషధాలు, వస్త్రాలు, వాహనాలు...
వేలు కిందికి కిందికి జారింది గానీ జీడి రాలేదు.
"ఇతరములు" నొక్కింది గుంట.
ఇతరములు. సరే.
ఈ సరిహద్దులో ఆ మాట మాకు కొత్తా?

సిగ్నలు ఏటిగట్టు మీదే.
సాయంత్రం గట్టెక్కి తెలుగులో కొట్టింది:
"తొక్క ఉంది. నెలకి ఆరు టన్నులు."
అది తన కడుపులో ఏ భాషకి ఏ భాష తిప్పుకుందో,
తెల్లారేసరికి బరంపురం నించి ఒడియాలో కబురు:
"తోలు ఏ జంతువుది? మేకా, గేదా?"

పదకొండు మందిమి, పిక్కలు వదిలేసి నవ్వాం.
నీలవేణమ్మకైతే పొలమారింది.
జంతువు కాదు బాబూ అని ఫోటో పంపాం.

ఇంతియాజ్ అట, తోళ్ళు ఊనే మనిషి.
గుట్టని చూళ్ళేదు.
ఫోటో మూలన, చీపురు పక్కన ఉన్నదాన్ని చూశాడు.
"ఆ ఎర్రటిదేమిటి?"
పప్పు మీద పొర. ఊడ్చి కాలవలో పోస్తాం.
"పోయకండి. నమిలితే ఎలా ఉంటుంది?"
ఇరవయ్యేళ్ళుగా ఊడుస్తున్నాను,
ఒక్కసారీ నోట్లో వేసుకోలేదు.
వేసుకున్నాను. వగరు.
నాలిక అంగిలికి అతుక్కుపోయింది.
"వగరే కావాలి నాకు," రాశాడు.
"తంగేడు చెక్క దొరకటం లేదు. ఒక బస్తా పంపండి."

ధర అన్న గడి ఖాళీగా మెరుస్తోంది.
అందులో ఏం వెయ్యాలో తెలీక
దమయంతి నా మొహంలోకి చూసింది.
మా అమ్మ తవుడు కొలుస్తున్నప్పుడు
చెయ్యి వణికి ఉంటుందా?
"రాయవే," అన్నాను, "కిలోకి తొమ్మిది."

తొక్కకీ మనిషి దొరికాడు తరవాత.
గుణుపురంలో ఇప్పనూనె గానుగ మూలపడిన దండపాణి.
ఆయన పిండిన నల్లనూనె గోపాల్‌పూర్ పడవల అడుగుకి పూస్తున్నారు,
పురుగు పట్టకుండా.
అన్నీ సాఫీగా సాగాయని అనను.
మొదటి పీపా బస్సు మీదే కారి
ఎవరిదో పెళ్ళి పందిరిగుడ్డ నల్లబడితే
రెండు వేలు పోసి వచ్చాం.
అంగడి నూటికి రెండు తీసుకుంటుంది.
తీసుకోనీ.
పక్కింటామె కూడా తవుడు ఉంచుకుంది కదా.

నిన్న బరంపురం నించి ఒక పొట్లం.
మా పొర వగరుతో ఊనిన తోలు,
చేతి తొడుగులుగా కుట్టి, నాలుగు జతలు.
"మీ ఫోటోలో చేతులు చూశాను" అని చీటీ.

జీడినూనె తిన్న చేతులవి, మచ్చలు మచ్చలుగా.
నీలవేణమ్మ ఒకటి తొడుక్కుని పిక్క పట్టుకుంది,
జారిపోయింది.
"నాకొద్దే, పిక్క మాట వినపడ్డం లేదు" అని తీసేసింది.
చిన్నవాళ్ళు మటుకు విప్పలేదు.

నాలుగు జతలు. పదకొండు మంది.
చీకటి పడ్డాక ఒక్కదాన్నే గట్టెక్కాను.
ఇన్నాళ్ళూ "ఉంది" అన్న వరసలోనే రాశాం.
"కావాలి" అన్న వరస ఎక్కడుందో వెతుక్కుని,
ఒక్కో అక్షరమూ పొడుస్తూ:
తొడుగులు. ఏడు జతలు. పలచటి తోలుతో,
పిక్క వేళ్ళకి తెలిసేలా.