తాళం

లారీ పహారెస్ కనుమ దగ్గర మంచులో దిగబడిందని
నాలుగున్నరకి ఫోనొచ్చింది.
లారీలో వాళ్ళ నేల ఉంది.

నేలని వెంటేసుకుని ఊరూరా తిరిగే మనుషుల్ని
నేనెప్పుడూ చూడలేదు.
మా థియేటర్ వేదికేమో
సిమెంటు మీద పరిచిన రబ్బరు షీటు.
అంగుస్తియాస్ దాని మీద మడమతో ఒక్క దెబ్బ వేసి
చెవి ఒగ్గి విని,
"ఇది పోయింది" అంది,
నాడి చూసి వదిలేసిన డాక్టరులా.

మూడు వారాల నుంచీ హిహోన్ గోడల మీద
ఆమె ఎర్ర గౌను వానకి తడిసి తడిసి
గులాబీ రంగులోకి దిగింది.
నాలుగు వందల పన్నెండు టికెట్లు
ఈ కిటికీలోంచే అమ్మాను.
వాపసివ్వడానికి నా దగ్గర చిల్లర లేదు.

బాయిలర్ చూడ్డానికొచ్చిన బెలార్మీనో
అంతా విని, బుర్ర గోక్కుని
"నా షెడ్డులో తలుపులున్నాయి" అన్నాడు.

ఓడల యార్డు మూతబడి, కార్మికుల వాడ కూల్చిన రోజు
జనం ఇనుము ఏరుకున్నారు, రాగి తీగలు ఏరుకున్నారు.
ఓడల వడ్రంగి, ఇతను తలుపులు మోసుకెళ్ళాడు.
చెస్ట్‌నట్ కర్రని తగలెయ్యడానికి
చేతులు రాలేదట.

ఇరవై ఆరు తలుపులు.
చేపల వ్యానులో మూడు విడతలు.
గడియలు పీకాం, బందులు పీకాం,
ఉత్తరాల చీలికలకి టేపు అంటించాం.
కింద అడ్డకర్రలు పెట్టి
శబ్దానికి ఊపిరాడేంత ఖాళీ వదిలాం.
ఇంటి నంబర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.
ముందు వరసలో ఎడమ పక్కన
పద్నాలుగు.
అడుగున కుక్క గీరిన గీతలు.
నేనేమీ అనలేదు,
మర బిగిస్తూ కూర్చున్నాను.

ఆట నలభై నిమిషాలు ఆలస్యం.
ముసలి ఎలాదియో దగ్గుమందు మింగి
మైకు పక్కకి నెట్టి
కుర్చీ అంచున చేరాడు.
వేళ్ళ కణుపులతో మోకాలి మీద లెక్క:
మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు.
ఎన్ని చిల్లర లెక్కలు చేశానో,
ఇలా కూడేవాణ్ణి చూడలేదు.

ఆమె వచ్చి నిలబడింది.
చాలాసేపు నిలబడే ఉంది.
తర్వాత మడమ.
తలుపు కొట్టినట్టే ఉంది.
తలుపే కదా మరి.
మళ్ళీ కొట్టింది, ఈసారి రెండు.
ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేదోనన్నట్టు
ఆగింది.

ఏడో వరసలోంచి ఒలీవా,
ఒకప్పటి ముప్పై ఒకటో నంబరు ఒలీవా,
సీట్లోంచి సగం లేచి
"వస్తున్నా!" అని కేకేసింది.

ఎవరూ నవ్వలేదు.
ఎలాదియో ఆ మాటని కింద పడనివ్వలేదు.
వస్తున్నా అని అందుకుని
గొంతు చీరుకుపోయేదాకా సాగదీశాడు,
ఎక్కడికో చెప్పకుండా, ఎప్పటికో చెప్పకుండా.
గిటారు అతని వెనకే పరుగెత్తింది.
ఆమె కాళ్ళు ఇక ఇల్లిల్లూ తట్టాయి,
కొన్నిటిని బతిమాలుతూ,
కొన్నిటిని అప్పులవాడిలా బాదుతూ.
తాళాలు పోయి ఇరవై ఏళ్ళయిన తలుపులకి
ఆ రాత్రి తాళం పడింది.

పద్నాలుగు మీదికి ఎప్పుడొచ్చిందో
కళ్ళు మూసుకున్నా తెలిసేది నాకు.
రాత్రి షిఫ్టు దిగి
రెండు చేతులా బొగ్గు సంచితో
నాన్న మోకాలితో తట్టే చప్పుడు అది.
కొంచెం మెత్తన, కొంచెం ఆలస్యం.

పొద్దున పదకొండింటికి లారీ వచ్చింది.
డ్రైవరు ముక్కు ఎర్రగా కందింది.
వాళ్ళ నేల కట్టలు విప్పకుండానే
బిల్బావో దారి పట్టింది.

మరలు విప్పుతుంటే
పద్నాలుగు తాళపుకన్నంలో
ఆమె బూటు మడమలోంచి ఊడిన
చిన్న మేకు.
"తీసుకెళ్తావా?" అన్నాడు బెలార్మీనో,
మేకు సంగతి కాదు.
"నాలుగో అంతస్తు, లిఫ్టులో పట్టదు" అన్నాను.
అతను దాన్ని అన్నిటికన్నా చివర ఎక్కించాడు,
అన్నిటికన్నా పైన,
అంకె ఆకాశానికి కనపడేలా.

మేకుని డబ్బుల సొరుగులో వేశాను,
చిల్లర గడిలో.