పై కమ్మి

ఓవెన్‌ల కింది కమ్మి చచ్చిపోయింది.
కొత్తది దొరకలేదు, ఆ కంపెనీయే లేదిప్పుడు.
హబ్సిగూడ ఆయన వచ్చి తీసుకపోతనన్నడు,
మూడు వానకాలాలు పోయినయి.
దాని మీద రెండు మిక్సీలు, ఒక ఇస్త్రీపెట్టె,
వాటి మీద దుమ్ము.

బాలమణి రాంనగర్‌ల చేపలు కోస్తది.
పొద్దుగాల నాలుగింటికి పోతే
చేతులకు బూడిద, కాళ్లకు పొలుసులు.
కొరమీను ఎవరి చేతులనైనా జారుతది,
ఆమె చేతుల జారదు.
తల మీద ఒక దెబ్బ, పొట్ట మీద ఒక గీత,
వెన్నుముల్లు వెంట కత్తి
డిపోకు పోయే ఆఖరి బస్సు లెక్క పోతది,
ఎక్కడా ఆగదు.
ముల్లు లేని ముక్క అపార్ట్‌మెంట్లకు.
తల, తోక, ముల్లు మాకు.
ఇరవై రెండేండ్ల సంసారం
చింతపులుసుల ముల్లు ఏరుకుంటనే తిన్నం.

నిన్న ఒకామె రెండు కిలోల కొరమీను కోయించి
పైసలిచ్చి
ఫోన్ మాట్లాడుకుంట కారెక్కి పోయింది.
సంచి బండ మీదనే.
బాలమణి వాన పడేదాక చూసింది,
వాన ఆగేదాక చూసింది,
ఇంటికి తెచ్చింది.

అట్ల, ఎవరూ తీసుకపోని రెండు వస్తువులు
మా వంటింట్ల ఎదురుబొదురు నిలబడ్డయి.

నేనన్న: కింద వేడి లేకుంటేంది, పైన ఉన్నది గదా.
ఆమె అన్నది: కింద మంట లేని వంటేంది, నీ తలకాయ.

దుమ్ము తుడిచిన, వైరు మార్చిన.
ఆమె ముక్కల తడి పాతబట్టతోటి అద్దింది.
ఉప్పు, పసుపు, ఎల్లిపాయ, కారం, నిమ్మకాయ.
నూనె వేలితోటి రాసింది, డబ్బా వంచలేదు.
జాలీని పై అరకు ఎక్కించిన,
కమ్మికి నాలుగు వేళ్ల దూరం.

కమ్మి ఎర్రబడ్డది.
మే నెలల చిలకలగూడల నా రేకుల దుకాణం కింద
పగటియాళ్ల నెత్తి మీద ఎట్ల ఉంటదో
అట్ల దిగింది వేడి చేప మీదికి.
ముందు చెమట పట్టింది.
తర్వాత అంచులు ముడుచుకున్నయి.
ఒక్కటే ఒక్క కొవ్వు బొట్టు
కింది పళ్లెంల పడి చుయ్‌మన్నది.
బాలమణి అద్దం కాడికెల్లి కదలలేదు.
ఇన్నేండ్లు కోసుడే గానీ
చేప ఉడుకుతుంటే కండ్లార చూడలేదట,
పులుసుగిన్నె మీద మూతుంటది గదా.

పది నిమిషాలు. తిప్పనే లేదు.
పైన అక్కడక్కడ నల్లచుక్కలు,
వేలు పెడితే పొరలు పొరలుగ తెలుపు.

తినుడు మొదలైనంక తమాష అయింది.
ఆమె వేళ్లు ముల్లు కోసం దేవులాడుతున్నయి.
లేదని ఆమెకే తెలుసు, తీసింది ఆ వేళ్లే.
అయినా నాలుక నమ్మదు.
నేనూ అంతే, ముద్దముద్దకూ ఆగుడే.

చేప వండిననాడు మా ఇంట్ల మాటలుండయి.
మాట్లాడితే గొంతుల ముల్లు దిగుతదని
మా అమ్మ నాకు చెప్పింది, నేను మా పిల్లకు చెప్పిన.
నిన్న రాత్రి ఆ భయం లేదు.
ఏం మాట్లాడాల్నో తెల్వక కొద్దిసేపు కూసున్నం.
అప్పుడన్నది బాలమణి:
"కుడిచేతి బొటనవేలు మొద్దుబారుతున్నది పొద్దుపొద్దున.
ఏడాదైంది."

ఆ వేలు పట్టుకున్న.
పైన నిమ్మకాయ వాసన,
దాని అడుగున ఎన్నడూ పోని నీచువాసన.
చల్లారుతున్న ఓవెన్ టక్కుటక్కుమంటున్నది.
రేకుల మీద మళ్లా వాన.

రేపు ఆ కారామె వచ్చి అడిగితే? అన్న.
"ఇంకో చేప కోసిస్త" అన్నది.
పళ్లెం కడగనీకి లేచుకుంట,
"నిమ్మళంగ" అన్నది.