పదకొండో సెకను

శనివారం పొద్దున సెమినార్ హాల్ల
పన్నెండు కుర్చీలు గుండ్రంగ వేయించి
ఫర్హానా మేడం చేతి గడియారం ఇప్పి బల్ల మీద పెట్టింది.
"జూనియర్లకు తోడు నిలవడ్తమని వచ్చిన్రు కద,
ముందుగాల నోరు మూసుకునుడు నేర్సుకుందాం" అన్నది.
అందరం నవ్వినం.
కిటికీ అవతల కాజీపేట దిక్కు పోయే గూడ్సు
చాలాసేపు పోయింది.

నాకు ఈ పని సులువే అనుకున్న.
హాస్టల్ల స్కాలర్‌షిప్ ఫారాలు నింపేది నేనే,
పోయిన హాల్‌టికెట్లు వెతికేది నేనే,
ఎనుమాముల మార్కెట్ల మా బాపు మిర్చి బస్తా ఎత్తినట్టు
ఎవని బరువైనా వంగి భుజానికెత్తుకునుడే
నాకు తెలిసిన దోస్తానా.

చిట్టీలు తీసినం.
ఈసం లలిత చిట్టీల:
'ఫస్టియర్. మూడు సబ్జెక్టులు పోయినయ్. ఇంటికి పోతనంటది.'
నా చిట్టీల ఒక్కటే మాట:
'విను.'

"అన్నా, నేను టీసీ తీసుకుంట."
"ఎందుకు తీసుకుంటవ్, సప్లిమెంటరీ ఉంది కద,
నా నోట్సు ఇస్త, రీవాల్యుయేషన్‌కు పెట్టు,
మా సీనియర్ ఒకాయన ఐదు పోయి గూడ..."
మేడం గడియారం దిక్కు చూసి
"పదకొండో సెకను" అన్నది.
తిట్టలేదు. అదే తిట్టు.

మళ్ల కూసున్నం.
ఈసారి నాలికను పండ్ల కింద పెట్టుకున్న.
లలిత చిట్టీల ఉన్నదంత చెప్పింది, అయిపోయింది.
నేను మాట్లాడలె.
ఫ్యాను తిరిగింది.
ఎవరిదో డబ్బాల పచ్చిపులుసు వాసన.
ఏటూరునాగారం బస్సు రాత్రిపూట అడవి నడుమ ఆగితె
డ్రైవర్ దిగి చూసొచ్చేదాక
లోపల ఎట్లుంటదో, అట్లుంది.

అప్పుడు చిట్టీని నాలుగు మడతలు మడిచి
చిట్టీల లేనిది చెప్పింది లలిత.

"సారు ఇంగ్లీషుల జోకేస్తె
అందరు నవ్వినంక, ఒక్క క్షణం ఆగి, నేను నవ్వుత.
రెండేండ్ల సంది గట్లనే నవ్వుతున్న.
మొన్న ఇంటికి పోతె
మా అవ్వ మా కోయమాటల ఏదో అన్నది.
చెల్లె నవ్వింది.
నేను ఒక్క క్షణం ఆగి నవ్విన.
అవ్వ నా మొఖం దిక్కు చూసింది."

నా దగ్గర నోట్సు లేవు దీనికి.
భుజం ముందుకొచ్చి, ఎత్తనీకె బస్తా దొరకక
వంగింది వంగినట్టే ఉండిపోయింది.
శానాసేపటికి అడిగిన:
"అవ్వ ఏమన్నది?"
"ఏమనలె. ఇంకింత జావ పోసింది."

గంతే.
గడియారం దిక్కు మేడం చూడలేదు.
ఎన్ని సెకన్లయినయో ఎవ్వరికీ తెల్వదు.

ఆదివారం సాయంత్రం బ్యాడ్జీలిచ్చిన్రు.
ఐలేష్‌ను శైలేష్ అని అచ్చేసిన్రు.
మార్సుమని చెప్పే లైను పొడుగుంది,
ఊకున్న.

నక్కలగుట్ట కాడ ఆటో ఎక్కక, నడుసుకుంట
తమ్మునికి ఫోన్ చేసిన.
ఇంటర్ తప్పిన రాత్రి వానికి గంటన్నర చెప్పిన నేను.
'ఊ' అన్నడు, 'ఊ' అన్నడు,
అటెన్క ఊ అనుడు గూడ బందు పెట్టిండు.

"ఏం జేస్తున్నవ్ రా?"
"ఏం లేదు."
ఆగిన.
మూడు. నాలుగు.
ఏడు కాడ హుజూరాబాద్ బస్సు హారన్ కొట్టుకుంట పోయింది.
తొమ్మిది.
"అన్నా, ఇనవడ్తుందా? లైన్ల ఉన్నవా?"
"ఉన్న. ఇనవడ్తుంది."

వాడు గొంతు తగ్గించిండు.
"జేసీబీ నడుపుడు నేర్సుకుంటున్న. బాపుకు చెప్పకు."

వద్దురా అనే మాట పండ్ల దాక వచ్చింది.
అక్కడ నాలిక మీద
నిన్నటి గాటు ఇంకా సలుపుతుంది.