యాభై పదాలకు మించకుండా

మొదటి పేజీలోనే అడిగారు
కేంద్రం సొంత భవనమా, అద్దెదా అని.
గళ్ళు రెండే.
మాది జీడి బట్టీ వెనక పాత గోదాం,
అద్దె లేదు, పట్టా లేదు,
సీజన్లో బస్తాలు దిగితే వరండాలోకి జరుగుతాం.
దానికి గడి లేదు.
అద్దె దగ్గర టిక్కు పెట్టి సున్నా వేశాను.
సున్నా ఒప్పుకోదట యాప్.
ఒక రూపాయి వేశాను,
ఎవరికి బాకీయో తెలీకుండా.

పలాసకి అవతల, ఉద్దానం ఇసకలో
మా ఊరికి సిగ్నలు ఒక్కచోటే:
మంచినీళ్ళ ప్లాంటు మూడో మెట్టు.
బిందెల వరసలో ఫోనెత్తి పట్టుకు కూచుంటే
"నీ బిందేదమ్మా టీచరమ్మా" అని నవ్వారు.

ఒక్కసారి మాత్రమే ఇచ్చే గ్రాంటు, అని ఉంది.
ఆయా దాలమ్మకి పొద్దున్నే చదివి వినిపించాను.
పప్పులో రాళ్ళేరుతూ తలెత్తకుండా అంది:
"ఒక్కపాలేనేటి?
గుంటలు ఒక్క ఏడే పుడతారేటి?"
ఆ మాట నేను రాయలేదు.
"తదుపరి అవసరాలు స్థానిక వనరులతో తీర్చుకోగలము"
అని రాశాను.
స్థానిక వనరులంటే దాలమ్మే.

లెక్కింపు సామగ్రి, ప్రస్తుత నిల్వ?
నిరుటి దాకా జీడిపిక్కలతో లెక్క చెప్పాను.
పచ్చి పిక్క కొరికి జశ్విత పెదవి పొక్కింది.
వాళ్ళమ్మ నన్నేమీ అనలేదు, తన చేతులు చూపించింది:
వేలిముద్రల మిషను గుర్తుపట్టని నల్లటి చేతులు.
"నా సేతుల్లాగ అయిపోనాది దీని నోరు."
ఆ రోజు నుంచీ చింతపిక్కలు.
నూట పన్నెండు అని రాసి
మళ్ళీ పిల్లలతో లెక్కించాను.
నూట తొమ్మిదే.
మూడు ఎక్కడికెళ్ళాయో ఎవరూ చెప్పలేదు.

కావలసినవి:
చెక్క పూసల చట్రం, చిన్న కుర్చీలు, నీళ్ళ ఫిల్టరు.
ఫిల్టరు కుదరదు, ఇది విద్యా గ్రాంటు, ఆరోగ్యం కాదు
అన్నారు సూపర్వైజరు మేడం.
మా పిల్లల్లో ఐదుగురి తాతలు
వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి బస్సెక్కుతారు.
ఫిల్టరు కొట్టేసి
"విజ్ఞాన శాస్త్ర ప్రదర్శన పరికరం" అని మార్చాను.
అబద్ధం కాదు.
నీళ్ళ కంటే ముందు నేర్పాల్సిన శాస్త్రం
ఇక్కడ ఏముంది?

ఆఖరి ప్రశ్న.
గ్రాంటు రాకపోతే పిల్లలపై పడే ప్రభావం,
యాభై పదాలకు మించకుండా.
చాలాసేపు రాసి చెరిపాను. తర్వాత ఇలా వచ్చింది:

రాకపోతే ఏమీ అవదు. అదే భయం.
తొమ్మిదింటికి వస్తారు, గుడ్డు తింటారు,
పద్యం చెబుతారు, నిద్రపోతారు.
ఐదేళ్ళు నిండితే వెళ్ళిపోతారు.
బడిలో వెనక బెంచీలో కూచుంటారు.
తర్వాత జీడి బట్టీలో ముందు వరసలో కూచుంటారు.
ఎవరికీ ఏమీ జరిగినట్టు ఉండదు.

ఇంకా చోటుంది.
చోటు వదలడం ఇష్టం లేక పిల్లల పేర్లు రాశాను,
హాజరు పట్టీ వరసలో, ఇరవై రెండూ.
యాభై ఒకటి, అంది యాప్. ఎర్రగా.
పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాను.
ఒకరిని తీసేయాలి.

"అదే భయం"లో "అదే" తీసేశాను.

నాలుగూ యాభై మూడుకి వెళ్ళింది.
రసీదు సంఖ్య పదకొండు అంకెలు.
ఫోను చచ్చిపోతుందేమోనని గోదాం గోడ మీద
నేను చెబుతుంటే దాలమ్మ బొగ్గుతో ఒక్కో అంకే గీసింది.

తెల్లారి జశ్విత వేలుపెట్టి చదువుతూ ఆగిపోయింది.
"ఏడు తరవాత మూడేటి టీచర్?"
గవర్నమెంటు నంబరు అంతేనమ్మా అన్నాను.
"తప్పు రాసీసినారు" అని
బొగ్గుముక్క కోసం చెయ్యి చాపింది.