పదకొండు చావుల మొగులయ్య

నాంపల్లి టేషన్ ముంగట
జట్కా తోలే మొగులయ్య
పదకొండు సార్లు సచ్చిండు.
తొమ్మిది సార్లు పిస్తోలు గుండుకు,
ఒకసారి ఉరికి,
ఒకసారి ఎందుకో కంపెనీవాళ్ళకే తెల్వదు,
రీలు అయిపోవస్తుంది, పడిపో అన్నరట.

ఖాజాగూడ గుట్టల్ల
అమెరికా ఉండె ఆ రోజులల్ల.
ఏనుగులంత గుండ్లు, నడుమ ముండ్లపొదలు.
సీతాఫలం చెట్లు కెమెరాకు దొరకకుండ
దుప్పట్లు గప్పేటోళ్ళు.
తోలు టోపి, మెడకు ఎర్ర రుమాలు,
తెర మీద అదీ నల్లగనే కనవడేదట.
నడుముకు కర్ర పిస్తోలు.
"పశులగాసేటోనికి పిస్తోలెందుకురా?"
అని వాళ్ళమ్మ అడిగితే
"ఆ దేశంల పశులు గట్లుంటయేమో" అన్నడట.

పేరు గూడ మార్చిన్రు. మాస్టర్ మొగల్.
ఆయన నోరు కదిలిస్తె
మాటలు వెనక వచ్చేటియి, తెల్ల అక్షరాలై,
ఉర్దూల, ఇంగ్లీషుల, తెలుగుల.
మొగులయ్యకు ఒక్కటీ చదువరాదు.
తానేమన్నడో
పక్కన కూసున్నోన్ని అడిగి తెల్సుకునేటోడు.
ఒకసారి "నీ కోసం ప్రాణమిస్తా అంటున్నవు" అని చెప్తె
"నేనా? నేను ఆ పొద్దు
చాయ్ ఎప్పుడొస్తదని అడిగిన" అన్నడట.

తర్వాత బొమ్మలకు మాటలొచ్చినయ్.
మొగులయ్య గొంతుకేం తక్కువ లేదు,
గుట్టల్ల అరిస్తె గోలకొండ దాక వినొచ్చేది.
వంకంత చమ్కిది.
చమ్కి ఆయన ఆడగుర్రం, నొసట తెల్లచుక్క.
మైకు పెట్టంగనే సకిలించేది,
హీరోయిను ఏడుస్తుంటె తుమ్మేది.
బొంబాయి ఇంజినీరు చెవులకెల్లి గొట్టాలు తీసి
"మనిషిని ఉంచుకుంటం, గుర్రాన్ని మార్చు" అన్నడు.
మొగులయ్య
గుర్రాన్ని ఉంచుకుండు.

ఈ ముచ్చట గొప్పకు చెప్పలె ఎన్నడు.
"అప్పుడు తెలివి లేకుండె" అనేటోడు,
అనుకుంటనే దానికి శెనగలు పెట్టేటోడు.

ఆయన బొమ్మ ఒక్కటి గూడ మిగల్లె.
రీళ్ళు మరగబెట్టి వెండి తీసిన్రు,
మిగిలిన తుక్కు గాజులోళ్ళకు తూకానికి వోయింది.
లాడ్ బజారుకు సవారీ దొరికిన దినం
ఆడోళ్ళ చేతులు చూస్కుంట
"ఏ చేతి మీద సస్తున్ననో ఇప్పుడు" అని నవ్వేటోడు.

జట్కాకు గట్టినంకనే తెలిసింది చమ్కి రోగం.
పాత కెమెరాకు చేతితోని తిప్పే పిడి ఉండె.
టకటక, టకటక,
ఆ చప్పుడుకు ఉరకాలె. అదే దాని చదువు.
కుట్టుమిషన్ చప్పుడు గూడ అసుంటిదేనాయె.
మా నాయిన దర్జీ, మలుపుల దుకాణం.
జట్కా కనవడంగనే మిషన్ ఆపేటోడు,
పీనుగు పోతుంటె ఆపినట్టు.

ఒక పగటీలి నాయిన బువ్వకు వోయిండు.
నాకు ఆరేండ్లు.
చమ్కి వస్తుంది, మెల్లగ, తలొంచుకోని,
జట్కాల ఒక వకీలు, ఒక మామిడిపండ్ల గంప.
చక్రం పిడి మీద చెయ్యేసి తిప్పిన.

చెవులు లేసినయ్ ముందు.
తర్వాత మెడ.
తర్వాత రోడ్డంత లేసింది.
వకీలు అల్లాను పిలుస్తుండు, పండ్లు మోరీల దొర్లుతున్నయ్,
మొగులయ్య కళ్ళెం ఇడిచి నిలవడ్డడు,
లేని టోపి తీసిండు,
నా దిక్కు తిరిగి ఏదో అన్నడు.

నోరు కదిలింది.
గిట్టల చప్పుడుకు నాకు వినవడలె.
తిట్టిండో, చాయ్ అడిగిండో.
అక్షరాలు వస్తయని ఆడ్నే నిలవడ్డ చానసేపు.

పండ్ల పైసలు నాయిన కట్టిండు,
మూడు షేర్వాణీల కూలి.