పదిహేడో నంబరు బూట్లు

ఆ ఇంట్లో నా కొలువు రాత్రిపూట.
ఎనిమిదింటికల్లా ముప్పై ఒక్క జతల బూట్లు
చెక్క అలమరాలో పెట్టి తాళం వేసేదాన్ని.
బూట్లు తీసుకుని కంబళ్లు ఇవ్వడం,
కాగితాల్లో దాని పేరు దిద్దుబాటు.

పేరు పెట్టి పిలవొద్దన్నారు. పిలవలేదు.
కానీ బూట్లు చూస్తే మనిషి తెలిసిపోదూ!
ఇర్మెలీకి మడమ లోపలివైపు అరిగేది.
ఓర్వొక్కి లేసు తెగినచోటల్లా ముడి, ముడి మీద ముడి,
ఎన్నిసార్లు తెగినా కొత్తది అడగని మొండిఘటం.
ఒకతె రొట్టె దొంగిలించింది.
ఇంకొకతె నేరం, మారుతండ్రి ఉన్న ఇంట్లో
ఉండనుగాక ఉండననడం.

ఫిబ్రవరిలో రెండు కంబళ్లు పొట్టివయ్యాయి.
ఉతుకులో కుంచించుకుపోయాయనుకున్నాను.
లేదు, అలా అనుకోలేదు.
అనుకున్నానని విచారణలో చెప్పాను.
మడతపెడుతుంటే అంచు చేతికి తగిలింది,
కత్తెర పని కాదు, పళ్లతో కొరికి చింపిన అంచు.
దాన్ని లోపలికి మడిచాను.

మార్చిలో మా వైపు మంచు పగలు చెమర్చి
రాత్రికి పెచ్చు కడుతుంది.
పొద్దెక్కేదాకా మనిషిని మోస్తుంది,
ఆ తర్వాత నడుముదాకా మింగుతుంది.
దాని మీద అడుగుజాడ పడదు.
కట్టెలు కొట్టేవాళ్ల పిల్లలకు
ఇది ఒకరు చెప్పనక్కర్లేదు.

మూడింటికి లెక్కపెడితే ఇరవై తొమ్మిది.
రెండు మంచాల్లో దిండ్లు నిద్రపోతున్నాయి.
కిటికీ దగ్గరికెళ్లాను, చేతిలో లాంతరు.
హీదెన్‌యార్వి సరస్సు మీద, వెన్నెల్లో, రెండు నలుసులు.
ఒకటి పడింది.
రెండోది వెనక్కొచ్చి దాన్ని లేపింది.

గంట తాడు చెయ్యి చాస్తే అందుతుంది.
అవతలి గట్టు నాలుగు కిలోమీటర్లు.
సూర్యుడు ఆరున్నరకి.
లెక్కల్లో నేనెప్పుడూ మొద్దునే,
ఆ రాత్రి మాత్రం ఒక్క కూడిక తప్పలేదు.

ఐదుంబావుకి గంట కొట్టాను.
"ఐదింటి లెక్కలో బయటపడింది" అని రాసి సంతకం పెట్టాను.

ఎనిమిదో రోజున ఇర్మెలీని తెచ్చారు.
కువోపియో దగ్గర కోత మిల్లులో,
రంపపు పొట్టులో కూరుకుని దొరికిందట.
కాళ్లకి కంబళి పీలికలు, రెండు వేళ్లు నల్లగా.
జుట్టు కత్తిరిస్తుంటే దీపం పట్టుకున్నది నేనే.
నాకు మాత్రమే వినపడేట్టు అంది:
"కిటికీలో మీ లాంతరు చూశాం.
గంట కొడతారని పరిగెత్తాం.
పరుగులోనే పీలికలు ఊడిపోయాయి.
కొట్టరని తెలిస్తే
మెల్లగా నడిచేవాళ్లం."

దీపం కదిలిందని వార్డెన్ కసురుకుంది.

ఓర్వొక్కి దొరకలేదు.
హెల్సింకిలో చేపల బజార్లో చూశామన్నారు కొందరు,
సరస్సు కరిగాక వెతకమన్నారు ఇంకొందరు.
కరిగింది. వెతికారు.
వలల్లో చేపలే పడ్డాయి.

ఆ ఇల్లు మూసేసిన ఏడాది మంచాలు వేలం వేశారు.
నేను పదిహేడో నంబరు అడిగాను.
ఎందుకని వాళ్లు అడగలేదు, పాతబూట్లే కదా.
ఇప్పుడు మా గుమ్మం పక్కన ఉంటాయి,
ముడులతో సహా.
అక్టోబరులో ఒకసారి, వసంతంలో ఒకసారి
తారు నూనె రాస్తాను.

పదిహేనేళ్ల పిల్ల పాదం కొలత.
ఈపాటికి పెరిగే ఉంటుంది.
పట్టవు. తెలుసు.